చివరి పేజీ ముందుగా చదివే హక్కు

సస్పెన్స్ నవల చదివేటప్పుడు కుడిచేతి బొటనవేలి కింద ఇంకా ఎన్ని పేజీలు మిగిలాయో తడిమి చూసుకోవడం మనలో చాలామందికి అలవాటే. ఇంకా నూరు పేజీలుండగానే హంతకుడు పట్టుబడితే వాడు అసలు హంతకుడు కాదని మన బుర్రకంటే ముందు మన వేలికే తెలిసిపోతుంది. ఈ సంగతి జేన్ ఆస్టిన్ రెండు వందల ఏళ్ళ కిందటే కనిపెట్టింది. 1817 చివర వెలువడిన 'నార్తాంగర్ ఆబీ'లో, చేతిలో పేజీలు పలచబడుతుండడం చూసి సుఖాంతం దగ్గర పడిందని పాఠకులు ఈపాటికి గ్రహించే ఉంటారని చమత్కరిస్తుంది. ఆ నవలలో నాయిక భయానక నవలలు విపరీతంగా చదివే అమ్మాయి. చదివీ చదివీ ప్రతి పాతపెట్టెలోనూ రహస్యాన్నీ, ప్రతి భర్తలోనూ హంతకుణ్ణీ చూస్తుంది. ఆస్టిన్ ఆమెని చూసి నవ్వుతుంది గానీ, ఆమె అనుమానం పూర్తిగా తప్పని మాత్రం అనదు. ఆ ఇంటి యజమాని హంతకుడు కాకపోవచ్చు, క్రూరుడు మాత్రం అవును.

గత పదిపన్నెండేళ్ళుగా నేను ఇలాంటి పుస్తకాలు చాలా చదివాను. కాగితం మీద చదివాను, కిండిల్ మీద చదివాను, ఫోన్లో చదివాను, చెవులతో విన్నాను. సాహిత్యం పాఠాలు చెప్పే స్నేహితురాళ్ళు "నువ్వు కూడా ఇవి చదువుతావా?" అంటారు. ఆ 'కూడా'లో ఉన్న చిన్నచూపు నాకు కొత్త కాదు. అరవైల్లో, డెబ్భైల్లో మన రచయిత్రుల సీరియళ్ళ గురించి పండితులు మాట్లాడిన స్వరమే అది. అప్పుడు అది వంటింటి సాహిత్యం, ఇప్పుడిది రైల్లో చదివి పారేసే సాహిత్యం. ఏది ఎక్కడ చదువుతారన్నదాన్ని బట్టి దాని విలువ కట్టే అలవాటు మనకి ఇంకా పోలేదు.

ఎక్కడ చదువుతామన్నదీ, దేని మీద చదువుతామన్నదీ మాత్రం నిజంగానే ముఖ్యమని నాకనిపిస్తుంది. ఆ పండితులు అనుకునే కారణానికి మాత్రం కాదు.

మా అమ్మ వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు జాగ్రత్తగా చించి, వరసగా పేర్చి, అట్ట వేసి, గోనెసూదితో కుట్టి పెట్టేది. ఆ తరం ఆడవాళ్ళలో చాలామంది చేసిన పనే ఇది. యద్దనపూడి సులోచనారాణి, రంగనాయకమ్మ, మాదిరెడ్డి సులోచన, అందరూ ఆ కుట్టు పుస్తకాల్లోనే మా ఇంటికొచ్చారు. తర్వాత ఎనభైల్లో 'ఆంధ్రభూమి' వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' వచ్చి, వీధి వీధంతా చేతబడి గురించి భయపడిన రోజులొచ్చాయి. మూఢనమ్మకాలని పెంచుతోందని ఆ నవల మీద గట్టి విమర్శే వచ్చింది. ఆ చర్చలో ఒక సంగతి ఎవరూ పట్టించుకోలేదనిపిస్తుంది. ఆ భయం సగం 'సశేషం' అన్న మాటలోంచి వచ్చింది. ప్రాణాపాయంలో ఉన్న చిన్నపిల్లని వారం రోజులు అలాగే వదిలేసి పత్రిక వెళ్ళిపోతుంది. ఆ వారమంతా అమ్మా, పక్కింటి పిన్నిగారూ, పాలు పోయించుకుంటూ ఆ పిల్ల గురించి సొంత పిల్ల గురించి మాట్లాడుకున్నట్టే మాట్లాడుకునేవారు. సస్పెన్స్‌ని కథకుడు ఎంత కల్పించాడో, పత్రిక వచ్చే రోజు కూడా అంతే కల్పించింది.

అద్దె పుస్తకాల షాపునుంచి బైండు పుస్తకం తెచ్చుకుంటే మాత్రం అమ్మ పద్ధతి వేరు. ముందు చివరి పేజీలు చదివేది. ఎందుకమ్మా అంటే, "చచ్చేదెవరో ముందే తెలిస్తే, ఎలా చచ్చారో నిదానంగా చదువుకోవచ్చు" అనేది. షాపు అద్దె రోజు లెక్కన. మధ్యలో బంధువులొస్తే, ఎవరికో జ్వరమొస్తే పుస్తకం సగంలో తిరిగి వెళ్ళిపోతుంది. ముగింపు ముందు చదవడం ఆమెకి ఓపిక లేకపోవడం కాదు, తన టైము తన చేతిలో లేని మనిషి చేసుకున్న ఏర్పాటు.

డిటెక్టివ్ పాకెట్ పుస్తకాలు, అంటే కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, మధుబాబు షాడో, మా అన్నయ్యల సొత్తు. వాటిని మేము దొంగతనంగా చదివాం. వాటిలో హత్య బయట జరిగేది: హోటల్లో, ఓడరేవులో, నిర్జనంగా ఉన్న బంగళాలో. ఇంట్లో కూర్చుని చదివేవాళ్ళం కాబట్టి మాకు భయం వేసేది కాదు. ఇప్పుడు నేను చెప్పబోయే నవలల్లో హత్య ఇంట్లోనే జరుగుతుంది, హంతకుడికి ఇంటి తాళంచెవి ఉంటుంది.

ఇంగ్లీషులో వీటిని డొమెస్టిక్ సస్పెన్స్ అంటున్నారు. ఇది కొత్తగా పుట్టిందేమీ కాదని చెప్పడానికి సారా వైన్‌మన్ 2013లో ఒక సంకలనం తెచ్చింది. 1940ల నుంచి డెబ్భైల దాకా స్త్రీలు రాసిన ఇలాంటి కథలు అందులో ఉన్నాయి. షిర్లీ జాక్సన్, పట్రీషియా హైస్మిత్ వంటి తెలిసిన పేర్లతో పాటు మరుగున పడ్డవాళ్ళూ ఉన్నారు. ఇటువంటి రచయిత్రుల్లో నాకు బాగా ఇష్టమైనామె సీలియా ఫ్రెమ్లిన్. 1958లో ఆమె రాసిన 'ద అవర్స్ బిఫోర్ డాన్' నవలలో కథానాయిక చంటిబిడ్డ తల్లి. బిడ్డ రాత్రంతా ఏడుస్తాడు. భర్త నిద్ర పాడవుతుందని, పక్కవాళ్ళు గొడవ చేస్తారని, బిడ్డని తీసుకుని ఆమె ఇంట్లోనో బయటో ఎక్కడో ఒకచోట రాత్రి గడుపుతుంది. ఇంట్లో అద్దెకి దిగిన టీచరమ్మ మీద ఆమెకి అనుమానం మొదలవుతుంది. ఆ అనుమానం నిజమా, నిద్రలేమి వల్ల పుట్టిన భ్రమా? అదే సస్పెన్సు. 1960లో ఆ పుస్తకానికి అమెరికాలో ఎడ్గర్ బహుమతి వచ్చింది. బాలింతరాలి నిద్రలేమి ఒక అపరాధ పరిశోధన నవలకి వస్తువు కాగలదని అప్పటికే ఒక స్త్రీకి తెలుసు. పిల్లల్ని పెంచిన ఎవరికైనా ఆ పుస్తకంలో దెయ్యాలూ రక్తమూ అక్కర్లేదు, రాత్రి రెండు గంటలకి వినిపించే ఏడుపు చాలు.

ఇక 2012లో గిలియన్ ఫ్లిన్ 'గాన్ గర్ల్' వచ్చింది. కథ చెప్పేస్తున్నానని కోప్పడకండి, ఇన్నేళ్ళయ్యాక రహస్యం పాటించడంలో అర్థం లేదు. భార్య మాయమవుతుంది. ఒక అధ్యాయం భర్త చెప్తాడు, ఒక అధ్యాయం ఆమె డైరీలోంచి వస్తుంది. డైరీలో ఆమె ప్రేమా, క్రమంగా మొదలైన భయమూ, తేదీల వారీగా ఉంటాయి. మనం నమ్ముతాం. సగం నవల అయ్యాక తెలుస్తుంది, ఆ డైరీ అంతా పోలీసులకి దొరకాలని ఆమె కూర్చుని అల్లిన అబద్ధం. ఆమె చావలేదు, భర్తని ఉరికంబం ఎక్కించడానికి పథకం వేసింది.

నేనది 2014లో చదివాను. అదే ఏడు జులైలో సుప్రీంకోర్టు అర్నేశ్ కుమార్ కేసులో తీర్పిచ్చింది. 498ఎ కేసుల్లో పోలీసులు యాంత్రికంగా అరెస్టులు చేయకూడదంటూ, అసంతృప్తితో ఉన్న భార్యలు ఈ సెక్షన్‌ని రక్షణగా కాక ఆయుధంగా వాడుతున్నారన్న వ్యాఖ్య కూడా చేసింది. అక్టోబరులో సినిమా వచ్చింది. మా కాలేజీ స్టాఫ్ రూములో ఒక మగ సహోద్యోగి సినిమా చూసొచ్చి, "చూశారా మేడమ్, అన్ని దేశాల్లోనూ ఇంతే" అన్నారు. ఆయన నవల చదవలేదు, తీర్పు కూడా చదివి ఉండరు, కానీ ఆ రెంటికీ ఆయన మనసులో ముడి పడిపోయింది. 2017లో రాజేశ్ శర్మ కేసులో ఫిర్యాదుల్ని ముందుగా కుటుంబ సంక్షేమ కమిటీలు పరిశీలించాలన్నారు. 2018లో మరో తీర్పుతో ఆ కమిటీల్ని తీసేశారు. 2024 జులై నుంచి ఆ సెక్షన్ భారతీయ న్యాయ సంహితలో 85, 86గా మారింది. నంబర్లు మారినా స్టాఫ్ రూముల్లో ఆ మాట మారలేదు.

స్త్రీద్వేషం ఉందన్న విమర్శ ఫ్లిన్‌కి అక్కడా ఎదురైంది. స్త్రీలు దుర్మార్గులు కూడా కాగలరని ఒప్పుకోవడం స్త్రీవాదంలో భాగం కాదా అన్న అర్థంలో ఆమె జవాబిచ్చింది. సూత్రంగా నేనూ ఒప్పుకుంటాను. మంచితనం మన మీద మోపిన బరువుల్లో ఒకటి. మగవాడికి నచ్చేలా నవ్వుతూ, తింటూ, ఏమీ అడక్కుండా ఉండే ఆడపిల్ల వేషం గురించి అందులో ఏమీ ఆవేశపడే రెండు పేజీలు మన పత్రికల్లో వచ్చిన వ్యాసాలు చాలావాటికంటే పదునుగా ఉన్నాయి. అయినా నాకొక ఇబ్బంది మిగిలే ఉంది. చదివేవాళ్ళు పుస్తకాన్ని ఏ నేల మీద నిలబడి చదువుతున్నారన్నది రచయిత్రి చేతిలో లేదు. కోర్టు గుమాస్తా ముందు ఏడవకుండా మాట్లాడితే "ఈమెకి బాధే లేదు" అనీ, ఏడిస్తే "నాటకం" అనీ అనిపించుకునే ఆడవాళ్ళున్న ఊళ్ళో, డైరీ రాసి మోసం చేసే ఏమీ ఒక్కర్తే స్త్రీకి ఉదాహరణగా ప్రచారమైపోతుంది.

డైరీ అన్నది ఈ నవలలన్నిట్లో మళ్ళీ మళ్ళీ వస్తుంది. 2011లో వచ్చిన 'బిఫోర్ ఐ గో టు స్లీప్'లో క్రిస్టీన్‌కి నిద్ర లేచేసరికి జ్ఞాపకాలు పోతాయి. డాక్టరు సలహా మీద రహస్యంగా రాసుకుంటుంది. పక్కనున్న మనిషిని నమ్మొద్దన్న హెచ్చరిక ఆమెకి తన సొంత దస్తూరీలోనే కనిపిస్తుంది. 2019లో వచ్చిన అలెక్స్ మైకలీడీస్ 'ద సైలెంట్ పేషంట్'లో భర్తని కాల్చిన ఎలీషియా ఒక్క మాట కూడా మాట్లాడదు, ఆమె తరపున డైరీయే మాట్లాడాలి. ఆడదాని నోటిమాటకి సాక్ష్యం విలువ లేదు గనుక రాతని ముందుకు తెస్తారు. రాత కూడా అబద్ధమాడగలదని తర్వాత చూపిస్తారు. ఈ రెంటి మధ్య మనల్ని ఊగిసలాడించడమే ఈ నవలల వృత్తి.

చదివే సాధనం సంగతి నాకు ముఖ్యమైంది ఇక్కడే. అబద్ధమని తెలిసిన క్షణంలో మనమేం చేస్తాం? వెనక్కి వెళ్తాం. ఏ పేజీలో మోసపోయామో వెతుకుతాం. కాగితం పుస్తకంలో అది ఎడమవైపు పేజీలో, కింది భాగంలో, కాఫీ మరక దగ్గర ఉందని కంటికి గుర్తుంటుంది. కిండిల్‌లో ప్రతి పేజీ ఒకే పేజీ. నార్వేలో ఆన్ మాంగెన్ అనే పరిశోధకురాలు తన సహచరులతో కలిసి 2019లో ప్రచురించిన అధ్యయనం ఇదే చెప్తుంది. 50 మందికి ఎలిజబెత్ జార్జ్ రాసిన 28 పేజీల రహస్య కథ ఇచ్చారు, సగం మందికి కాగితం మీద, సగం మందికి కిండిల్ మీద. చాలా పరీక్షల్లో ఇద్దరూ సమానంగానే ఉన్నారు. కానీ సంఘటనల్ని జరిగిన వరసలో పేర్చమంటే కాగితం మీద చదివినవాళ్ళు మెరుగ్గా చేశారు. దీన్ని మరీ సాగదియ్యక్కర్లేదు, అది ఒక్క కథ, 50 మంది. అయినా 'సైలెంట్ పేషంట్' గురించి నాకిది చాలా విషయం చెప్పింది. ఆ నవలలో మోసమంతా వరసలోనే ఉంది. రెండు పాయలుగా సాగే కథ ఒకే కాలంలో నడుస్తోందని మనం అనుకుంటాం, అలా అనుకునేలా రచయిత పేర్చాడు. కాగితం మీద చదివిన మా స్నేహితురాలు మూడోవంతులోనే అనుమానపడింది. వేళ్ళు రెండు అధ్యాయాల్లో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసిందట. రెండు వేళ్ళతో ఒకేసారి రెండు కాలాల్లో ఉండడం ఏ తెర మీదా ఇంకా అంత సులువు కాలేదు.

అలాగని నేను కాగితం భక్తురాలిని కాను. పాత పుస్తకాల వాసన గురించి మురిసిపోయే వ్యాసాలు చదివితే నాకు తుమ్ములొస్తాయి. ఆ మురిపెం ఎక్కువగా సొంత గది, సొంత అల్మారా ఉన్నవాళ్ళది. కిండిల్ దుకాణం మన దేశానికి 2012లో వచ్చింది, అదే ఏడు దానికి తనలోంచే వెలుగిచ్చే తెర కూడా వచ్చింది. ఆ చిన్న దీపం ఎంతమంది ఆడవాళ్ళ రాత్రుల్ని మార్చిందో ఎవరైనా రాయాలి. పెద్ద లైటు వేస్తే పక్కన నిద్రపోయే మనిషికి ఇబ్బంది. వంటింట్లో కూర్చుంటే "ఇంకా పడుకోలేదా" అన్న కేక. దుప్పటి కింద వెలుగుతో నేను చదివినన్ని పుస్తకాలు పగలు చదవలేదు. పైగా అట్ట కనిపించదు. రైల్లో ఎదురుగా కూర్చున్నవాళ్ళు అట్ట చూసి మన వ్యక్తిత్వాన్ని అంచనా కట్టే అవకాశం లేదు.

1984లో వచ్చిన జానిస్ రాడ్‌వే పుస్తకం 'రీడింగ్ ద రొమాన్స్' మనలో చాలామందికి తెలుసు. ప్రేమ నవలలు చదివే అమెరికన్ గృహిణుల్ని ఆమె నవలల్లో ఏముందని అడిగితే, వాళ్ళు చదవడమనే పని గురించి చెప్పారు. పుస్తకం తెరిస్తే 'ఇప్పుడు నన్ను పిలవొద్దు' అని ఇంటికి చెప్పినట్టు అన్నది ఆ జవాబుల సారం. కాగితం పుస్తకం ఆ పని బాగా చేస్తుంది, అది అడ్డుగా కనిపిస్తుంది. ఫోన్ చేయలేదు. ఫోన్లో నవల చదువుతున్న ఆడదాన్ని చూస్తే ఇంట్లోవాళ్ళకి ఆమె ఖాళీగా ఉన్నట్టే. పుస్తకం చదువుతుంటే పిలవడానికి ఒక క్షణమైనా తటపటాయిస్తారు.

మరో సంగతి, ఖాతా ఎవరిది? మా బంధువుల్లో ఒకామెకి కొడుకు టాబ్లెట్ కొనిచ్చాడు. ఖాతా అతనిది, కార్డు అతనిది. ఆవిడ ఏ పుస్తకం కొన్నా, ఏ పుస్తకం ఎంతవరకు చదివినా అతని ఫోన్లో కనిపిస్తుంది. "అమ్మా, ఇవేం పుస్తకాలు, మొగుళ్ళని చంపేవి?" అని నవ్వుతూనే అడిగాడట. ఆవిడ తర్వాత భక్తి పుస్తకాలు కొని వాటిని తెరవకుండా ఉంచి, నవలలు లైబ్రరీలో తెచ్చుకోవడం మొదలుపెట్టింది. అద్దె పుస్తకాల షాపువాడి దగ్గర కూడా పేరూ పద్దూ ఉండేవి గానీ, అతను ఆ పద్దు తెచ్చి మన ఇంట్లో చూపించేవాడు కాదు.

ఆమె అనుమానం నిజమా భ్రమా అన్న పాత ప్రశ్నని మళ్ళీ పెద్దగా అడిగినది పౌలా హాకిన్స్ 'ద గర్ల్ ఆన్ ద ట్రెయిన్'. 2015లో వచ్చింది. తాగుడికి అలవాటుపడి, ఉద్యోగం పోయి, పోయినట్టు ఎవరికీ చెప్పక రోజూ అదే రైలెక్కే రేచల్. ఆమెకి తాగినప్పుడు జరిగినవి గుర్తుండవు. ఏం జరిగిందో మాజీ భర్తే చెప్పేవాడు: నువ్వు అరిచావు, పగలగొట్టావు, నా మీదకి వచ్చావు. ఆమె సిగ్గుతో కుంగిపోయి క్షమాపణలు చెప్పేది. చివరికి తేలేదేమిటంటే, దెబ్బలు తిన్నది ఆమే. ఆ నవలలో హత్య నాకంత ముఖ్యం కాదు. ఒక మనిషి జ్ఞాపకాన్ని ఇంకో మనిషి తయారుచేసి ఇవ్వడం ముఖ్యం. 1938లో పాట్రిక్ హామిల్టన్ 'గ్యాస్ లైట్' నాటకంలో గ్యాసు దీపాలు మసకబారుతుంటే అదంతా నీ భ్రమేనని భార్యని నమ్మించిన భర్త దగ్గర్నుంచి ఈ మాట వచ్చింది, 2022లో మెరియం వెబ్‌స్టర్ నిఘంటువు దాన్ని ఆ ఏటి మాటగా ఎంచింది. మన విద్యార్థినులు గ్యాస్‌లైటింగ్ అనే అంటున్నారు. తెలుగులో మాట లేదని దిగులుపడక్కర్లేదు. 'నీకన్నీ అనుమానాలే', 'నేనెప్పుడన్నాను', 'నీ ఒంట్లో బాగాలేదు, పడుకో' అన్నవి ఆ మాటకి మన అనువాదాలు.

ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. 'బిఫోర్ ఐ గో టు స్లీప్' రాసిన ఎస్.జె. వాట్సన్ మగవాడు. 2018లో 'ద వుమన్ ఇన్ ద విండో' రాసిన ఎ.జె. ఫిన్ అసలు పేరు డాన్ మాలరీ. 'ఫైనల్ గర్ల్స్' రాసిన రైలీ సేగర్ అసలు పేరు టాడ్ రిటర్. స్త్రీల భయాలకి గిరాకీ పెరిగేసరికి మగవాళ్ళు పొడి అక్షరాల చాటున చేరారు. మనకిది నవ్వొచ్చే సంగతే. పురాణం సుబ్రహ్మణ్యశర్మగారు 'పురాణం సీత' పేరుతో 'ఇల్లాలి ముచ్చట్లు' రాసిన దేశం మనది. రచయిత్రుల హవా నడిచిన రోజుల్లో భార్యల పేర్లతో నవలలు పంపిన మగవాళ్ళ కథలు మనందరం విన్నాం. ఒకప్పుడు స్త్రీలు ప్రచురణ కోసం మగపేర్లు పెట్టుకున్నారు, అది తప్పనిసరై చేసిన పని. ఇది మాత్రం వ్యాపారం. మగవాడు స్త్రీ కంఠంతో రాయకూడదని నేననను. కానీ ఆమె మాటని ఎవరూ నమ్మరన్నది ఆమెకి జీవితం, అతనికి ప్లాటు. చదువుతుంటే ఎక్కడో ఒకచోట ఆ తేడా తగులుతుంది. అతని కథానాయిక మందులూ మద్యమూ కలిపి తాగుతుంది, ఇల్లు కదలదు, పాత సినిమాలు చూస్తుంది. అన్నీ ఉన్నాయి గానీ, ఆమె వంటగిన్నెలు ఎవరు తోముతున్నారో నాకు తెలియలేదు.

ఆ ప్రశ్న దగ్గర్నుంచి నేను 'ద హౌస్‌మెయిడ్'కి వెళ్ళాను. ఫ్రీడా మెక్‌ఫాడెన్ 2022లో రాసింది. ఆమె వృత్తిరీత్యా డాక్టరు, అది కలం పేరు. మొదట్లో పుస్తకాలు తనే ప్రచురించుకున్న మనిషి. ఈ నవల తెచ్చింది కూడా ప్రధానంగా ఈ-బుక్‌లు వేసే బ్రిటిష్ సంస్థ. 2025 డిసెంబరులో సినిమా అయింది. పొట్టి అధ్యాయాలు, ప్రతి అధ్యాయం చివరా ఒక మెలిక. బస్సు స్టాపుకీ స్టాపుకీ మధ్య ఒక అధ్యాయం పూర్తయ్యే కొలత. మన 'సశేషం' మళ్ళీ వచ్చినట్టే, వారం బదులు మూడు నిమిషాలు. ఆ ఆకృతే వాక్యాల్ని కూడా కోసేసింది. వర్ణన లేదు, ఆలోచన లేదు, ఆదుర్దా ఉంది. ఒక్కరోజులో చదివేశాను, ఒక్క వాక్యం గుర్తులేదు.

కథ మాత్రం వదల్లేదు. జైలునుంచి వచ్చిన మిల్లీకి పెద్దింట్లో పనిమనిషిగా ఉద్యోగం దొరుకుతుంది. అటక మీద ఆమెకిచ్చిన గదికి తాళం బయటనుంచి మాత్రమే పడుతుంది. యజమానురాలు నీనా పిచ్చిదానిలా ప్రవర్తిస్తుంది, ఆమె భర్త సౌమ్యుడు. సగం దాటాక నీనా గొంతు మొదలవుతుంది. ఆ సౌమ్యుడే ఆమెని ఆ గదిలో పెట్టి హింసించినవాడు. అతని నుంచి తప్పించుకోవడానికి, అందంగా ఉన్న, దిక్కులేని మిల్లీని వెతికి మరీ తెచ్చి తన స్థానంలో పెట్టింది నీనాయే. ఆన్‌లైన్‌లోనూ మా చదువరుల బృందంలోనూ ఈ నవలని ఆడవాళ్ళిద్దరూ కలిసి దుర్మార్గుణ్ణి మట్టుపెట్టిన కథగా మెచ్చుకున్నారు. చివరికి నీనా మనసు మారుతుంది, నిజమే. అయినా మొదటి లెక్క అలాగే ఉంది: ఒక ఇల్లాలి విముక్తికి ఒక పనిమనిషి ధర. మనం ఉద్యోగాలకి వెళ్ళి, సెమినార్లలో మాట్లాడి, ఈ వ్యాసాలు రాసుకోవడం వెనక కూడా ఇంకో స్త్రీ పొద్దున్నే ఆరింటికి వచ్చి తలుపు తట్టడం ఉంది. మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఆమె సంచీ వెతుకుతారు. అనుమానం ఎప్పుడూ అటువైపు నుంచే ప్రవహించాలని గేటు దగ్గర రిజిస్టరు చెప్తుంది. తాళం బయటనుంచి పడే గది ఎవరిదన్న భయం నిజానికి ఆమెది కావాలి.

ఈ విషయాన్ని లీలా స్లిమానీ ఎంత లోతుగా పట్టుకుందో 2016లో గోంకూర్ బహుమతి పొందిన ఆమె ఫ్రెంచి నవల చెప్తుంది. ఇంగ్లీషులో 'లల్లబై'. అందులో సస్పెన్స్ మొదటి పేజీలోనే అయిపోతుంది. పిల్లల్ని ఆయా చంపేసిందని ముందే చెప్పేస్తుంది. ఇక మిగిలింది ఎందుకన్నదే. మా అమ్మకి నచ్చేదనుకుంటాను, చివరి పేజీని రచయిత్రే తీసుకొచ్చి ముందు పెట్టింది. తల్లి మిరియమ్ లాయరు, మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళాలనుకున్న స్త్రీ. ఆయా లూయిజ్ పేదరాలు, అప్పుల్లో ఉంది. ఆ ఇంట్లో అందరూ ఆమెని 'మా మనిషే' అంటారు, ఆమె ఎక్కడ ఉంటుందో మాత్రం ఎవరికీ సరిగా తెలియదు. హంతకురాలిని క్షమించమని ఆ పుస్తకం అడగదు. ఆ ఇంట్లో ఆమెకి చోటు ఎంతవరకో కొలిచి చూపిస్తుంది.

స్త్రీని కొట్టడం, వెంటాడడం, అత్యాచారం చేయడం, చంపడం లేని థ్రిల్లర్‌కే ఇస్తామంటూ 2018లో బ్రిటన్‌లో స్టాంచ్ అనే బహుమతి పెట్టారు. నేర నవలలు రాసే స్త్రీలే కొందరు దాన్ని వ్యతిరేకించారు, జరుగుతున్న హింసని రాయొద్దంటే ఎలాగని. నేను వాళ్ళ వైపే. కాకపోతే ఆ బహుమతి పెట్టినవాళ్ళ విసుగు అర్థమవుతుంది. మొదటి అధ్యాయంలో అందమైన శవం కనిపిస్తే నేను కూడా పుస్తకం మూసేస్తున్నాను. మన దగ్గర కల్పనా స్వామినాథన్ సృష్టించిన లల్లీ ఉంది, అరవై దాటిన మాజీ పోలీసు అధికారిణి, శవాన్ని చూసే చూపులో కక్కుర్తి లేదు. సుజాతా మాసీ నవల 'ఎ మర్డర్ ఎట్ మలబార్ హిల్'లో 1921 బొంబాయిలోని పార్సీ లాయరు పెర్వీన్, పరదాలో ఉన్న ముగ్గురు వితంతువుల దగ్గరికి మగ లాయర్లు వెళ్ళలేరు గనుక తనే వెళ్తుంది. పరిశోధనకి స్త్రీ కావడమే అర్హత అయిన సందర్భం అది.

తెలుగులో చదివేవాళ్ళకి సాధనాల కథ ఇంకోలా నడిచింది. 2016 చివర కిండిల్ అయిదు భారతీయ భాషల్లో పుస్తకాలు తెచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. అంతకుముందే కినిగె వంటి చోట్ల తెలుగు ఈ-పుస్తకాలు కొనుక్కున్నాం. పాత నవలలు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లుగా ఫోన్లలో తిరిగాయి. ఆ పేజీని వేళ్ళతో పెద్దది చేసి, పక్కకి జరిపి, లైను చివరికి వెళ్ళి మళ్ళీ మొదటికి లాక్కొచ్చి చదవడం ఒక వ్యాయామం. అయినా చదివారు. ప్రతిలిపిలో వందల కొద్దీ స్త్రీలు సీరియళ్ళు రాస్తున్నారు, తర్వాతి భాగం నాణేలు పెట్టి తెరుచుకుంటారు. వాటిలో సస్పెన్స్ చాలానే ఉంది. అత్తగారింట్లో మూసి ఉన్న గది, మొదటి భార్య ఫొటో, ఎవరిదో తెలియని ఫోన్ నంబరు. భాష సరిగా ఉండదు, అచ్చుతప్పులు లెక్కలేనన్ని. మన విమర్శకులు అటు చూడరు. అరవైల్లో చూడనట్టే.

చూపు మందగించిన మా పెద్దమ్మ ఇప్పుడు దాసుభాషితం వంటి యాప్‌లలో వింటుంది. నేనూ వంట చేస్తూ వింటాను. చెవిలో వినేటప్పుడు చివరికి దూకడం కష్టం, వెనక్కి వెళ్ళడం ఇంకా కష్టం, కుక్కర్ కూతలో ఆధారం ఒకటి కొట్టుకుపోతే పోయిందే. పైగా చదివే గొంతు ముందే తీర్పు చెప్పేస్తుంది. అబద్ధమాడే స్త్రీ పాత్రకి గొంతులో కాస్త తీపి కలుపుతారు. అదే మాట కాగితం మీద చదివితే ఆమెని నమ్మడమో మానడమో నా ఇష్టం. పెద్దమ్మ మాత్రం ఒప్పుకోదు. "గొంతు చూసే కదే మనుషుల్ని నమ్మేది" అంటుంది.

ప్రస్తుతం నత్సువో కిరినో రాసిన జపనీస్ నవల 'ఔట్' చదువుతున్నాను, కాగితం మీదే. 1997లో వచ్చింది, 2003లో ఇంగ్లీషులోకి. రాత్రిషిఫ్టులో భోజనం డబ్బాలు సర్దే ఫ్యాక్టరీలో పనిచేసే నలుగురు ఆడవాళ్ళు. వాళ్ళలో ఒకామె కొట్టే మొగుణ్ణి చంపుతుంది, మిగతావాళ్ళు శవాన్ని మాయం చేయడానికి పూనుకుంటారు. స్నేహం కోసం కొంత, డబ్బు కోసం ఎక్కువ. చంపిందెవరో మొదట్లోనే తెలుసు. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికిన ప్రతి ఇది. ముందు చదివినవారెవరో పెన్సిలుతో గీతలు గీశారు. హత్య దగ్గర ఒక్క గీతా లేదు. ఫ్యాక్టరీలో జీతం లెక్కలున్న చోటా, ఒకామె మంచంలో ఉన్న అత్తగారికి గుడ్డలు మార్చే చోటా వరసగా ఉన్నాయి. ఇప్పటికి నూటయాభై పేజీలయ్యాయి, గీతలు ఇంకా వస్తూనే ఉన్నాయి.